మేస్త్రీ దగ్గరున్న నా రెండు పట్టాలు

నా పేరు నూకాలమ్మ. వయసు ఎనభైకి ఒకటో రెండో తక్కువ. పుట్టినరోజు రాసిపెట్టినవాళ్లు లేరు, అడిగినవాళ్లూ లేరు. ఉండేది పోర్ట్ బ్లెయిర్‌కి కొండ అవతల తుష్నాబాద్‌లో, రోడ్డు మలుపు తిరగ్గానే కనిపించే రేకుల ఇల్లు. ఇంట్లో నేను, మా పెద్దోడు, కోడలు, ఇద్దరు మనవరాళ్లు. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఎస్తేరు రాస్తోంది. ఎస్తేరు మా పక్కింటి కోడలు, మెయిన్‌లాండ్‌లో తెలుగు బడిలో చదువుకున్న పిల్ల. మా పిల్లల్లాగా తెలుగు మాట్లాడి హిందీలో రాసే రకం కాదు. నా మాటలో మోటుతనం ఉంటే సరిదిద్దమన్నాను. అర్థం జోలికి మాత్రం పోవద్దన్నాను.

బళ్లు బాగుచేసే మా మేస్త్రీ చనిపోయాడు. ఆ పొద్దున నేను పెరట్లో కత్తిపీట ముందేసుకుని సూర చేప కోస్తున్నాను. ప్రార్థన మందిరం గంట మోగింది. ఆదివారం కాదు, పండగ కాదు. ఆగి ఆగి మోగింది. కోడలు రోడ్డు మీదికి పరిగెత్తి, వెనక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. “అత్తా, మేస్త్రీ మావ…” అంది. షెడ్డు ముందు బల్ల మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

ఒరిగిపోయాడు అన్న మాట వినగానే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బతుకంతా ఊళ్లో బళ్లు ఒరిగిపోకుండా చూసిన మనిషి అలా ఎలా ఒరుగుతాడు?

ఆయన గురించి మంచి మాటలు చెప్పేవాళ్లు మన తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు. ఆయన జ్ఞాపకార్థం వేస్తున్న ఈ సంచికలో వాళ్లూ రాస్తారు. నేను చెప్పేది వేరు. ఆయన మీద ఒక మచ్చ పడింది. అది నా నోటి నుంచి జారిపడిన మచ్చ. నేను బతికుండగా దాన్ని నా నోటితోనే కడిగేసి పోవాలి. అందుకే ఇది చెబుతున్నాను.

సమాధి దగ్గర మట్టి వేస్తున్నారు. మేస్త్రీ భార్య మట్టి చేతిలోకి తీసుకుంది. అప్పుడే నా వెనక నిలబడ్డ మా మరిది కొడుకు అప్పలరాజు పక్కవాడితో అన్నాడు. గుసగుస అనుకున్నాడేమో, వాడి గుసగుస జెట్టీ దాకా వినబడుతుంది. “మా పెద్దమ్మ పట్టాలు రెండు ఈయన దగ్గిరే ఉండిపోనాయి. ఆ షెడ్డు కింద జాగా మాదే. మరింక ఎవర్ని అడగాలి?”

మేస్త్రీ భార్య విన్నది. చేతిలో మట్టి వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. తల ఎత్తలేదు.

ఊరంతా నా నోరు చూసి భయపడుతుంది. ఆ రోజు ఆ నోరు పెగల్లేదు. మా ఆయన పోయినప్పుడు కూడా నేను అంత మూగదాన్ని కాలేదు. ఎందుకంటే అప్పలరాజు కల్పించి చెప్పలేదు. ఆ మాట నేనే అన్నాను. ఎన్నో ఏళ్ల కిందట, పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్ బస్టాండులో, నిండు బస్సు ముందు, గొంతు చించుకుని అన్నాను. అది ఎందుకన్నానో చెప్పాలంటే మా చిన్న కారు సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మా ఆయన చేపల వేటకి వెళ్లేవాడు. ఒకరోజు జెట్టీ మెట్ల మీద పాచికి కాలు జారి వెల్లకిలా పడ్డాడు. నడుం పూస దెబ్బతింది. వారానికోసారి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. తుష్నాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ రోడ్డు మీకు తెలుసు. కొండ ఎక్కడం, దిగడం, మధ్యలో మలుపులు. బస్సులో మొదటిసారి తీసుకెళ్తే ఆయన పెట్టిన కేకలకి డ్రైవర్ బండి ఆపేసి కిందికి దిగి నిలబడ్డాడు. రెండోసారి ఆయన రానన్నాడు. “ఇక్కడే సావనీ, ఆ రోడ్డు మీదికి నన్ను తీసుకెళ్లకు” అన్నాడు. వైద్యం మానేస్తే ఇక లేవడని డాక్టరు చెప్పాడు.

మా పెద్దోడు అప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. ఆ కాంట్రాక్టరు మెయిన్‌లాండ్ వెళ్లిపోతూ తన చిన్న కారు వాడికి వదిలేశాడు. పాతది. ఉప్పుగాలికి అడుగు రేకు తినేసింది. వెనక సీటు తీసేసి పరుపు వేసి, మా ఆయన్ని పడుకోబెట్టి తీసుకెళ్దామని మా ఆశ. వీధి చివరి దాకా వెళ్లాం. రాళ్ల బండి మీద ఎక్కించినట్టుంది. ఆయన పళ్లు కరుచుకుని కళ్లు మూసుకున్నాడు, కళ్ల చివర నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. అక్కడి నుంచే వెనక్కి తిప్పించాను.

అలా మేస్త్రీ షెడ్డుకి వెళ్లాను. మా పెరడు దాటితే ఆయన షెడ్డు. ఆయనది గోదావరి వైపు, క్రైస్తవులు. లారీల కింద పని నేర్చుకుని ఓడెక్కి వచ్చినవాడు. మాది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. అప్పటిదాకా కంచె మీదుగా కూర ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప పెద్ద మాటల్లేవు.

మేస్త్రీ కారు వైపు చూడనైనా లేదు. నేరుగా ఇంట్లోకి వచ్చి మా ఆయన మంచం పక్కన చతికిలబడ్డాడు.

“అన్నా, నొప్పి ఎప్పుడు? ఎగిరి పడ్డప్పుడా, పక్కకి ఒరిగినప్పుడా?”

“రెండూనూ. ఎగిరిపడితే మేకు కొట్టినట్టుంటాది. ఒరిగితే నడుం రెండు ముక్కలైపోనట్టుంటాది. ఎగరడం ఓర్సుకుంటానురా తమ్ముడా, ఒరగడం ఓర్సుకోలేను.”

“ఠీక్ హై. రెండూ చూద్దాం” అన్నాడు. డాక్టర్లు కూడా ఆయన్ని అంత వివరంగా అడగలేదు.

అప్పుడు కారు కిందికి దూరాడు. బయటికి వచ్చి నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆ కారుకి వెనక చక్రాల మీద కమాను కట్టలుంటాయి. ఉక్కు పట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. కాంట్రాక్టరు అందులో సిమెంటు బస్తాలు మోయించడానికి రెండు పక్కలా ఒక్కో పట్టా అదనంగా వేయించాడు. అందుకే బండి బిగుసుకుపోయింది. “బస్తాకి నొప్పి లేదు కదక్కా, అన్నకి ఉంది. ఆ రెండు పట్టాలూ తీసేస్తా” అన్నాడు.

పట్టా. ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఇంటి జాగాకి ఇచ్చే కాగితమూ పట్టానే, కమానులో ఇనుప బద్దా పట్టానే. నాలాంటి చదువు రానిదానికి రెండు మాటలెందుకు, ఒకటే చాలుననుకున్నాను.

రెండు పట్టాలూ తీశాడు. కుదుపు తగ్గింది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మూడో మలుపులో నా దణ్ణం కాస్తా అరుపైపోయింది. బండి మెత్తబడింది కదా, మలుపు తిరిగితే గాలి పట్టిన పడవలాగా పక్కకి వాలిపోయింది. మా ఆయన పరుపు మీద దొర్లి తలుపుకి తగిలాడు.

ఆ రోజు షెడ్డు ముందు నేను తిట్టిన తిట్లు ఎస్తేరు రాయనంటోంది. ఒక్కటి రాయించాను. “నువ్వు మేస్త్రీవా, ఉయ్యాల కట్టేవోడివా? నా మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లమంటే జోలలో ఏసి ఊపుతావా?”

ఆయన స్పానర్ కింద పెట్టి, వెళ్లి మా ఆయన పడుకునే చోట తానే పడుకున్నాడు. “పెద్దోడా, నడుపు. పోర్ట్ బ్లెయిర్ దాకా పోయి రా. నేను చెప్పేదాకా ఆపకు” అన్నాడు. తిరిగి వచ్చేసరికి మనిషి ముఖం పచ్చగా ఉంది. దిగి గట్టు మీద వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కుని నా వైపు చూసి, “తిట్టింది తక్కువే అక్కా. ఇంకా రెండు బాకీ ఉన్నాయి, తిట్టేయ్” అన్నాడు. అప్పటికి నాకు తిట్టే ఓపిక పోయింది. నవ్వొచ్చింది. ఆయన్ని తమ్ముడూ అని పిలవడం ఆ సాయంత్రం మొదలుపెట్టాను.

తర్వాత నెలల తరబడి ఆ కారు మీద పని చేశాడు. మిగతా పని చేసుకుంటూనే, సందు దొరికినప్పుడల్లా మా కారు కిందికి దూరేవాడు. నన్ను వెనక కూర్చోబెట్టేవాడు. ఒళ్లో గిన్నె, గిన్నె నిండా నీళ్లు. బండి ఎటు ఒరుగుతోందో నేను అరిచి చెప్పాలి, ఆయన ముందు సీట్లో కూర్చుని తలుపు లోపలి రేకు మీద సుద్దతో గీతలు గీసుకునేవాడు. “చెవితో కాదక్కా, నడుంతో విను” అనేవాడు. ఈ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది. మనుషుల మాటలు కూడా నడుంతో వినాలి. ఎటు ఒరుగుతున్నారో తెలుస్తుంది.

అక్కడొక తంటా వచ్చింది. నేను మా ఆయన పడుకునే పరుపు వైపు తిరిగి, డ్రైవరుకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. నా కుడి బండికి ఎడమ. మేస్త్రీ హిందీ డ్రైవర్ల మధ్య పనిచేసినవాడు, కుడి ఎడమలకి ఆయన నోట దాయా బాయా అని వచ్చేది. ఇంజను చప్పుడులో ఆ రెండూ ఒకటే. నేను కుడి అంటే ఆయన ఎడమ రాసుకునేవాడు, మా పెద్దోడు బండి ఇంకోవైపు తిప్పేవాడు. రెండు రోజుల పని అలా పాడైంది. మూడో రోజు సుద్దముక్క తీసుకుని, బండికి ఎడమవైపు మడ్గార్డు మీద ఒక చేప గీశాడు. కుడివైపు ఒక గుండ్రం చుట్టి మూడు చుక్కలు పెట్టాడు, మూడు కళ్ల కొబ్బరికాయ.

“అక్కా, నువ్వెటు తిరిగి కూర్చున్నా చేప చేపే కదా?”

“నేను కోసేదాకా చేపే” అన్నాను.

అప్పటి నుంచి రోడ్డంతా నా అరుపులే. చేప! చేప! కొబ్బరికాయ! మళ్లీ చేప! ఒక మలుపు దగ్గర ఎవరో పెద్దమనిషి చెయ్యెత్తి బండి ఆపాడు. సంచీ తెరిచి పట్టుకుని, “దీదీ, మఛ్లీ క్యా భావ్?” అని చేపల ధర అడిగాడు. మేస్త్రీ నవ్వలేక డాష్‌బోర్డు మీద తల పెట్టేశాడు. నేను ఆయన సంచీ చూసి, “చేపలు రేపు తెస్తా భయ్యా, ఇయ్యాల బండి కోస్తున్నాం” అన్నాను. మర్నాడు నిజంగానే తీసుకెళ్లి ఇచ్చాను.

ఒకరోజు జెట్టీ దగ్గర నికోబారీల హోడీ చూశాను. సన్నటి పడవ, దాని పక్కన కర్రలు చాచి దుంగ కడతారు. ఎంత అల వచ్చినా పూర్తిగా ఒరగదు. ఇంటికి రాగానే మేస్త్రీతో అన్నాను. “వాళ్లు పడవకి దుంగ కడతారు. ఒక పక్క లెగిస్తే రెండో పక్క పట్టుకుంటాది. నీ బండికి ఆపాటి తెలివి లేదేటి?”

“కారుకి దుంగ కట్టమంటావా? చెకింగ్‌వాళ్లు పట్టుకుంటే నిన్నే చూపిస్తా” అన్నాడు.

అన్నాడే గానీ, ఆ మాట ఆయన్ని పట్టుకుంది. రెండు రోజులు ఊళ్లో పాత ఇనుమంతా వెతికాడు. మూడో రోజు, పనికిరాకుండా పడేసిన ఏదో జీపు కింది నుంచి బొటనవేలంత లావు ఉక్కు రాడ్డు ఒకటి తెచ్చాడు. బొగ్గుల్లో కాల్చి వంచి, కారు కింద ఈ చక్రం నుంచి ఆ చక్రానికి అడ్డంగా బిగించాడు. ఒక పక్క చక్రం లేవబోతే రాడ్డు మెలిపడి రెండో పక్కకి లాగుతుంది, ఒంటరిగా ఒరగనివ్వదు. నాకు దాన్ని చూపించి, “ఇదిగో నీ దుంగ. సముద్రం నుంచి ఇనుముకి మారింది, అంతే” అన్నాడు. అది నా తెలివి అని ఊళ్లో అందరికీ చెప్పాడు. నాది కాదు. ఆయన అడ్డ రాడ్డు సంగతి ముందే తెలిసినవాడు. నన్ను పెద్దదాన్ని చేయడానికే అలా చెప్పాడని నాకు చాలా తర్వాత అర్థమైంది.

అరిగిపోయిన రబ్బరు బుష్‌లన్నీ మార్చాడు. కుదుపు మింగే షాకబ్జర్లు మెయిన్‌లాండ్ నుంచి రావాలి. ఓడ ఆలస్యమైంది, అయినా పాతవి తొడిగి సర్దుకుందామని అనలేదు. ఓడ వచ్చిన రోజు వాటిని చంటిపిల్లల్లా గుడ్డలో చుట్టి బస్సులో తెచ్చాడు. చివరికి నాలుగు చక్రాలూ తిన్నగా ఉన్నాయో లేదో చూడ్డానికి దారం కట్టాలి. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగి కట్టాలి. ఆ దారం మా ఆయన గాలానికి వాడే నైలాన్ తాడు. మా ఆయన మంచాన్ని పెరట్లోకి మోయించి, ఒక చివర ఆయన చేతికిచ్చాడు. “అన్నా, సముద్రం మీద గీత చూసిన కన్ను నీది. నాకంటే నీకే తెలుస్తుంది. తిన్నగా ఉందా?”

మా ఆయన ఒక కన్ను మూసి చూశాడు. “ముందుది చేప వైపు పోతాంది. ఒక వెంట్రుక.”

మేస్త్రీ నట్టు తిప్పాడు.

“ఇప్పుడు సరిపోనాది.”

పడ్డ దగ్గర నుంచీ మా ఆయన్ని ఎవరూ పని అడగలేదు. జాలిపడ్డారు, కూర్చోబెట్టారు, పక్కకి తిప్పారు. పని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. మేస్త్రీకి నేను రుణపడింది కారుకి కాదు. ఆయన చేతికిచ్చిన ఆ నైలాన్ దారం కొసకి.

తర్వాతి మంగళవారం బయల్దేరాం. పెద్దోడు నడిపాడు, మేస్త్రీ ముందు కూర్చున్నాడు, నేను పరుపు పక్కన గిన్నెతో. మొదటి మలుపు వచ్చింది. గిన్నెలో నీళ్లు అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. పెద్దోడు కంగారులో మలుపు మధ్యలో బ్రేకు తొక్కబోతే మేస్త్రీ చెయ్యి పట్టి ఆపాడు. “మలుపుకి ముందు వేస్తే బ్రేకు, మలుపులో వేస్తే పశ్చాత్తాపం. ముందే వేయి బాబూ” అన్నాడు. రెండో మలుపు, మూడో మలుపు. నేను అరవడానికి నోరు తెరిచే ఉంచాను. అరవాల్సిన పని పడలేదు. మా ఆయన వైపు చూస్తే నిద్రపోతున్నాడు. అబర్డీన్ బజార్ హారన్లకి లేచి, “ఏటి, ఇంకా బయల్దేరలేదేటి?” అన్నాడు.

మేస్త్రీ వెనక్కి తిరగలేదు. కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

ఆ కారులో మా ఆయన మళ్లీ కర్ర పట్టుకుని నడిచేదాకా వెళ్లాడు. తర్వాత కూడా వెళ్లాడు, జెట్టీ దగ్గర కూర్చుని సముద్రం చూడ్డానికి. పోయేదాకా ఆ మలుపుల్లో మళ్లీ అరవలేదు.

ఇక పట్టాల సంగతి. తీసేసిన ఆ రెండు ఇనుప పట్టాలు మేస్త్రీ షెడ్డులోనే ఉండిపోయాయి. కమాను ఉక్కుతో కత్తి చేయిస్తే పదును పోదని మా ఆయన చెప్పాడు. నా కత్తిపీట అరిగిపోయింది. పట్టాలు ఇవ్వమని పదిసార్లు అడిగాను. “ఇస్తా అక్కా” అంటాడు, మరిచిపోతాడు. ఒకరోజు బస్టాండులో నేను చేపల బుట్ట దింపుకుంటున్నాను, ఆయన తుష్నాబాద్ బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నాడు. బస్సు కదులుతోంది. నేను అరిచాను. “ఒరే మేస్త్రీ! నా పట్టాలు రెండూ నీ దగ్గరే ఉండిపోనాయి! ఎగ్గొట్టేద్దామనేటి?”

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, అంతకంటే గట్టిగా, “నీ పట్టాలు భద్రంగా ఉన్నాయక్కా! నీ పేరు చెరిపేసి నా పేరు రాసుకున్నా!” అన్నాడు.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో అసలు సంగతి తెలియనివాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు లెక్కపెట్టుకోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు అది మా ఇద్దరి మధ్య ఆటైపోయింది. కంచె దగ్గర కనబడితే, “పట్టాలు ఏవిరా?” అంటాను. “కోర్టుకి రా” అంటాడు. వినేవాళ్లు విన్నారు. విన్నది పెరిగింది.

బస్టాండులో అరిచిన ఆ వారంలోనే కత్తిపీట తెచ్చిచ్చాడు. చెక్క కూడా తానే చెక్కాడు. “ఇది ఒక పట్టా. రెండోది ఏది?” అన్నాను. “అది వేరే చోట పని చేస్తోందక్కా, అడక్కు” అన్నాడు. నేను అడగడం మానలేదు, ఆయన చెప్పడం మొదలుపెట్టలేదు.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పి ముగిస్తాను. చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో, చివర నిమ్మడిప్పతో రుద్దుకుంటే తప్ప బైబిలు ముట్టుకునేవాడు కాదు. నట్లు కొబ్బరి చిప్పల్లో పోసి ఉంచేవాడు, ఏ చిప్పలో ఏముందో చీకట్లో కూడా చెప్పేవాడు. ఎవరి బండి బాగుచేసినా తానే ముందు వెనక సీట్లో కూర్చునేవాడు. “నడిపేవాడికి అన్ని రోడ్లూ బాగుంటాయి, వెనక కూర్చున్నవాణ్ణి అడగాలి” అనేవాడు. నేను ఏది కోసినా కంచె మీదుగా తల ముక్క ఆయనకే. ముళ్లు తీయడం మాత్రం చివరిదాకా రాలేదు. గోదావరివాడు, సముద్రపు చేపకి భయపడేవాడు.

మట్టి వేసిన మూడో రోజు మేస్త్రీ ఇంటికి వెళ్లాను. కత్తిపీట చంకన పెట్టుకుని, అప్పలరాజు రెక్క పట్టుకుని వెళ్లాను. మా ఇంటి పట్టా కాగితం కూడా పెట్టెలోంచి తీసుకెళ్లాను. “ఇదిగో కాగితం పట్టా. ఒకటే ఉంది, ఒకటే ఉండేది. షెడ్డు జాగా ఏనాడూ మనది కాదు. ఇదిగో ఇనుప పట్టా” అని కత్తిపీట వాడి ముందు పడేశాను. కత్తి మొదట్లో, చెక్కలోకి దిగేచోట, ఉలితో కొట్టిన చిన్న చేప ఉంటుంది. బండికి ఎడమవైపు నుంచి తీసిన పట్టా కదా, చేప, కొబ్బరికాయ లెక్క మొదలయ్యాక గుర్తు కొట్టుకున్నాడు.

వాడు ఊరికే ఊరుకుంటాడా? “అది సరే పెద్దమ్మా, నువ్వు రెండన్నావు గదా. రెండోదేదీ?”

అన్నేళ్లు సరదాగా అడిగిన ప్రశ్నకి జవాబు కావాల్సిన రోజు వచ్చేసరికి, చెప్పాల్సినవాడు మట్టిలో ఉన్నాడు.

మేస్త్రీ భార్య లేచింది. ఆ మూడు రోజుల్లో ఆమె తల ఎత్తడం అదే మొదటిసారి. “రా వదినా” అంది. మమ్మల్ని ప్రార్థన మందిరం వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ వాసానికి గొలుసుతో ఒక ఇనుప పట్టా వేలాడుతోంది. పక్కనే కొట్టడానికి సుత్తి. ఊళ్లో అందరం గంట గంట అంటాం గానీ, అది గంట కాదు. నేను హిందువుల ఇంటిదాన్ని, మందిరం వెనక్కి ఎప్పుడూ పోలేదు. అప్పలరాజు చేత దాన్ని తిప్పించాను. తుప్పు కింద, రంధ్రం పక్కన, ఒక గుండ్రం. అందులో మూడు చుక్కలు.

“అప్పుడు మందిరానికి గంట లేదు వదినా. నీ ఇనుము అడక్కుండా దేవుడికిచ్చానంటే నువ్వు గొడవ చేస్తావని నీకు చెప్పొద్దన్నాడు” అంది.

చేసేదాన్నే. నిజం.

అప్పలరాజు పట్టా వదిలాడు. తర్వాత ఆమె దగ్గరికి వెళ్లి, “తప్పయిపోనాది పిన్నీ” అన్నాడు. అనాల్సింది వాడే అన్నాడు.

కాబట్టి చదివేవాళ్లందరికీ చెబుతున్నాను. మేస్త్రీ నా దగ్గర తీసుకున్నవి రెండు ఇనుప పట్టాలు. ఒకటి నాకే ఇచ్చాడు. ఒకటి ఊరికిచ్చాడు. షెడ్డు, దాని కింద జాగా ఆయనవి, ఆయన తర్వాత ఆయన భార్యవి. బస్టాండులో నా అరుపు విన్నవాళ్లు ఎవరైనా బతికుంటే, ఈ మాట కూడా వినాలి. ఇకనుంచి ఎవరైనా వేరేలా అంటే నా ఇంటికి రండి. కత్తిపీట చూపిస్తాను.

ఆ పొద్దున నేను ఒక పట్టా మీద చేప కోస్తూ రెండో పట్టా మోగడం విన్నాను. ఎవరికోసం మోగుతోందో తెలియక, కోయడం ఆపలేదు. ఇప్పుడు ఆదివారం అది మోగిందంటే, చేప మీద చెయ్యి అలాగే ఉంచి ఆగుతాను. చప్పుడు సన్నబడి, సన్నబడి, చెట్లలో కలిసిపోయేదాకా.

ఇది నేను చెప్పింది. ఎస్తేరు చదివి వినిపించింది, సరిగ్గానే ఉంది. వేలిముద్ర ఎవరిదైనా నల్లటి మచ్చలాగే ఉంటుంది, అది నాకొద్దు. నేను గీయగలిగింది ఒక్కటే, మేస్త్రీ నేర్పింది. కింద ఉన్న చేప నా గుర్తు.

నూకాలమ్మ గుర్తు: ఎడమవైపు తిరిగిన చేప

సాక్షులు:
ఎస్తేరు, రాసిన మనిషి
అప్పలరాజు, నూకాలమ్మ మరిది కొడుకు (తెలుగు రాయడం రాదు కనుక హిందీలో సంతకం చేశాడు)